కంటిపాపలో తెల్లటి మెరుపు: ఆర్మూర్ ఇండ్లకు తెలియాల్సిన కంటి క్యాన్సర్ సంగతి

పసుపు సీజన్ వచ్చిందంటే ఆర్మూర్‌లో మాటలన్నీ ధర చుట్టే తిరుగుతాయి. ఏండ్ల తరబడి అడిగిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది. అదే ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయాన్ని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. అంతకుముందు 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ బరిలో నిలబడితే దేశమంతా ఇటు తిరిగి చూసింది. అడగటం, పట్టుబట్టటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కానీ పసిపిల్లల కండ్ల పరీక్ష విషయంలో మాత్రం ఇక్కడ అడిగేవాళ్లూ తక్కువే, చెప్పేవాళ్లూ తక్కువే.

కంటి క్యాన్సర్ అరుదైన జబ్బు. అరుదైనదాని గురించి ఇంత చర్చ ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, పిల్లల్లో వచ్చే కంటి క్యాన్సర్ తొందరగా పట్టుబడితే దాదాపు పూర్తిగా నయమవుతుంది. రెండోది, ఈ జబ్బు మొదట కనిపించేది ఆస్పత్రి మిషన్‌లో కాదు, ఇంట్లోనే. తల్లి ఒళ్లో ఉన్న బిడ్డ కంట్లో, సెల్‌ఫోన్ ఫోటోలో కనిపిస్తుంది. చూసినవాళ్లు దాన్ని గుర్తుపట్టారా లేదా అన్నదాని మీదే కన్ను, కొన్నిసార్లు ప్రాణం, ఆధారపడి ఉంటుంది.

పిల్లల్లో వచ్చేది ఏది?

చిన్నపిల్లల కంట్లో వచ్చే ప్రధానమైన క్యాన్సర్ పేరు రెటినోబ్లాస్టోమా. కంటి వెనక లోపలి గోడకు అంటుకుని రెటీనా అనే పలుచటి పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది ఆ పొర మీదే. ఆ పొర కణాల్లోనే ఈ గడ్డ పుడుతుంది. దాదాపు 15,000 నుంచి 18,000 కాన్పులకు ఒక బిడ్డకు ఇది వస్తుందని లెక్క. మన దేశంలో ఏటా 1,500 నుంచి 2,000 మంది పిల్లలకు కొత్తగా వస్తుందని అంచనా. నూటికి 95 మందిలో ఐదేండ్లలోపే బయటపడుతుంది. రెండు కండ్లలోనూ వచ్చే పిల్లల్లో ఏడాది వయసుకు అటూ ఇటూ, ఒక్క కంట్లో వచ్చేవాళ్లలో రెండేండ్లకు అటూ ఇటూ తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుర్తు ఒకటే. నల్లగా ఉండాల్సిన కంటిపాప మధ్యలో తెల్లగానో, కొంచెం పసుపు రంగులోనో మెరుపు కనిపిస్తుంది. చీకట్లో పిల్లి కన్ను మెరిసినట్టు ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు "బిడ్డకు పిల్లి కండ్లు వచ్చినయి" అని ముచ్చటపడి ఊరుకునేది కూడా ఇక్కడే. రెండో గుర్తు మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టం అనే మాట మన దగ్గర ఉంది కాబట్టి అదీ పట్టించుకోకుండా పోతుంది. కన్ను ఎర్రబడి తగ్గకపోవటం, వాయటం, చూపు నిలపలేకపోవటం తర్వాతి గుర్తులు. కనుగుడ్డు ముందుకు పొడుచుకు వచ్చిందంటే జబ్బు చాలాసార్లు కన్ను దాటి బయటికి వచ్చినట్టే.

ఇందులో మోసం ఏమిటంటే, మొదట్లో నొప్పి ఉండదు. బిడ్డ ఏడవదు, జ్వరం రాదు. ఒక కంటితో చూడలేకపోయినా రెండో కంటితో ఆడుకుంటూనే ఉంటుంది. అందుకే తల్లిదండ్రులకు అనుమానం రాదు.

గల్ఫ్‌కు పంపిన ఫోటో

నిజామాబాద్ జిల్లాలో దుబాయ్‌లోనో, సౌదీలోనో, కువైట్‌లోనో ఒకరు లేని వాడకట్టు ఉండదు. బిడ్డ పుట్టిన తర్వాత మొదటి రెండేండ్లూ తండ్రి చూసేది ఫోన్‌లోనే. రోజూ ఫోటోలు పోతూనే ఉంటాయి. ఈ అలవాటు కంటి విషయంలో పెద్ద ఆసరా కాగలదు.

ఫ్లాష్ వేసి ఫోటో తీసినప్పుడు వెలుగు కంటిపాపలోంచి లోపలికి పోయి, రెటీనా వెనకున్న రక్తనాళాల రంగును మోసుకుని తిరిగి వస్తుంది. అందుకే చాలా ఫోటోల్లో కండ్లు ఎర్రగా పడతాయి. అది ఆరోగ్యానికి గుర్తు. ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పడితే మాత్రం ఆలోచించాలి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని బేలర్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ బ్రయాన్ షా కొడుక్కు ఇదే జబ్బు వచ్చింది. తర్వాత ఆయన పాత ఫోటోలన్నీ తిరగేస్తే, డాక్టర్లు చెప్పటానికి ఎంతో ముందే ఆ తెల్లటి మెరుపు వాటిలో ఉంది. ఆ అనుభవంతో ఆయన బృందం ఫోటోల్లో తెల్లకన్నును వెతికే ఒక యాప్ తయారుచేసింది. 2019లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, కంటి జబ్బు ఉన్న 20 మంది పిల్లల్లో 16 మందికి డాక్టర్లు జబ్బును నిర్ధారించకముందు తీసిన ఫోటోల్లోనే యాప్ ఆ మెరుపును పట్టింది. సగటున ఏడాదీ మూడు నాలుగు నెలలు ముందే.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. బిడ్డ పక్కకు చూస్తున్నప్పుడు తీసిన ఒక్క ఫోటోలో తెల్లగా పడినంత మాత్రాన అది క్యాన్సర్ కాదు. కంటినరం మొదలయ్యే చోటు నుంచి వెలుగు తిరిగి వచ్చినా అలాగే పడుతుంది. పుట్టుకతో వచ్చే శుక్లం, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో వచ్చే రెటీనా జబ్బు కూడా ఇలాగే కనిపించవచ్చు. అయితే అవి కూడా వెంటనే వైద్యం చేయించాల్సిన జబ్బులే. కాబట్టి ఇంట్లో కూర్చుని ఏ జబ్బో తేల్చుకోవాల్సిన పని లేదు. కొంచెం మసక వెలుతురున్న గదిలో, ఎర్రకన్నును చెరిపే సెట్టింగ్ తీసేసి, బిడ్డ సూటిగా చూస్తుండగా రెండు మూడు ఫోటోలు తీయాలి. రెండు కండ్లూ ఒకేలా లేకపోతే కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఫోటోలో ఏమీ కనిపించకపోయినా ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉంటే పరీక్ష చేయించాల్సిందే.

నెలలు ఎక్కడ పోతున్నాయి?

2017లో కొత్తగా ఈ జబ్బు బయటపడిన 4,351 మంది పిల్లల వివరాలను 153 దేశాల నుంచి సేకరించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. ధనిక దేశాల్లో జబ్బును గుర్తించే సరికి పిల్లల మధ్యస్థ వయసు 14 నెలలు. బాగా పేద దేశాల్లో 30 నెలలు. ధనిక దేశాల్లో అప్పటికే జబ్బు ఒంట్లో వేరే చోట్లకు పాకిన పిల్లలు వెయ్యికి ముగ్గురు. పేద దేశాల్లో నూటికి దాదాపు 19 మంది. జబ్బు ఒకటే, మందులూ చాలావరకు అవే. తేడా అంతా ఆ పదహారు నెలల్లో ఉంది. ఇదే పిల్లల మీద తర్వాత వచ్చిన లెక్కల ప్రకారం మూడేండ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు ధనిక దేశాల్లో నూటికి 99 మందికి పైనే. భారత్ లాంటి దిగువ మధ్యాదాయ దేశాల్లో సుమారు 80 మంది. అతి పేద దేశాల్లో 57 మంది.

మన దగ్గర నెలలు ఎలా పోతాయో ఇంటింటికీ తెలిసిందే. "నజర్ తగిలింది" అని మిరపకాయలు తిప్పి పారేస్తారు. కొన్నాళ్లు సుర్మా పెడతారు. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేస్తారు. ఆ తర్వాత "పసుపు అమ్మినంక పోదాం", "పండుగ అయినంక పోదాం", "వాళ్ల అబ్బా సెలవు మీద వచ్చినంక చూద్దాం" అంటారు. ఒక్కో మాటలో ఒక్కో నెల పోతుంది. ఈ గడ్డ నెలలు ఆగదు. దువా చేసుకోవటం, దవా చేయించుకోవటం ఒకదానికొకటి అడ్డం కాదు. రెండూ ఒకేరోజు మొదలుపెట్టవచ్చు.

సుర్మా మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. బజారులో దొరికే చాలా రకాల సుర్మాలో సీసం ఉన్నట్టు అనేక దేశాల్లో పరీక్షల్లో తేలింది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేటు. కంట్లో తెల్లటి మెరుపుకు సుర్మా మందు కాదు, చుక్కల మందూ కాదు. ఆ గడ్డ కంటి లోపలి పొరలో ఉంటుంది. పైన వేసింది అక్కడికి చేరి దాన్ని కరిగించలేదు.

పసుపుకూ ఇదే వర్తిస్తుంది. పసుపులోని కర్‌క్యుమిన్ మీద ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పరిశోధనలు జరుగుతున్న మాట నిజమే. కానీ పసుపు తిన్నా, కంటికి పట్టు వేసినా కంటి క్యాన్సర్ తగ్గుతుందని నిరూపణ ఏదీ లేదు. వాట్సాప్‌లో వచ్చే చిట్కాలు నమ్మి కంట్లో పసుపునీళ్లు పోస్తే పుండు పడే ప్రమాదం ఉంది. మన పంట మీద మనకు ఎంత మమకారం ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

తప్పు తల్లిది కాదు

జబ్బు బయటపడగానే చాలా ఇండ్లలో మొదట నింద పడేది తల్లి మీద. గ్రహణం నాడు బయటికి వచ్చిందని, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నదని అంటారు. అవేవీ కారణాలు కావు. మన కణాల్లో ఆర్‌బీ1 అనే జన్యువు ఉంటుంది. కణాలు అదుపు తప్పి పెరగకుండా పట్టి ఉంచటం దాని పని. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి కణంలో రెండు ప్రతులు ఉంటాయి. రెండూ చెడిపోతే గడ్డ మొదలవుతుంది. ఈ లెక్కను 1971లో అమెరికా డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ ఈ పిల్లల జబ్బును చూసే ప్రతిపాదించారు. క్యాన్సర్ ఎలా పుడుతుందన్న అవగాహనకే అది ఒక పునాది అయ్యింది.

నూటికి 60 మంది పిల్లల్లో ఈ చెడు కంటి కణంలోనే జరుగుతుంది. అది వాళ్ల పిల్లలకు పోదు. మిగతా 40 మందిలో ఒక ప్రతి పుట్టుకతోనే ఒళ్లంతా చెడి ఉంటుంది. వాళ్లలోనూ చాలామందికి ఇంట్లో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. అలాంటివాళ్లు పెద్దయ్యాక పుట్టే ఒక్కో బిడ్డకూ ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే ఒక బిడ్డకు జబ్బు తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లందరి కండ్లూ చూపించాలి. తర్వాత పుట్టే బిడ్డకు పుట్టిన వారంలోనే పరీక్ష మొదలవ్వాలి.

దగ్గరి చుట్టరికం పెండ్లి వల్లే ఇది వచ్చిందనే మాట కూడా వినిపిస్తుంది. రెటినోబ్లాస్టోమాకు అది కారణం కాదు. దగ్గరి పెండ్లిండ్లతో ముప్పు పెరిగే జబ్బు వేరే ఉంది. దాని పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వస్తేనే ఇది పుడుతుంది. ఈ పిల్లలకు ఎండ తగిలితే చర్మం కమిలి మచ్చలు పడతాయి, వెలుతురు చూడలేరు, చిన్న వయసులోనే చర్మానికీ కంటి పైపొరకూ క్యాన్సర్ వస్తుంది. మేనరికం, చాచా-మామూ పిల్లల పెండ్లిండ్లు ఉన్న కుటుంబాల్లో పసివాడు ఎండను అసలు తట్టుకోలేకపోతుంటే ఈ కోణంలో డాక్టర్‌ను అడగాలి.

పెద్దవాళ్లలో మూడు గుర్తులు

పెద్దల్లో కంటి క్యాన్సర్ వేరు. తెల్లజాతి దేశాల్లో ఎక్కువగా కనిపించేది కంటి లోపలి నల్లపొరలో వచ్చే మెలనోమా. అది మన దగ్గర చాలా తక్కువ. వచ్చినప్పుడు మాత్రం కాలేయానికి పాకే గుణం దానికుంది. మన ప్రాంతంలో ఎక్కువగా చూడాల్సింది కనురెప్ప, కంటి పైపొర.

ఒకటి, మళ్లీ మళ్లీ వచ్చే కంటి కురుపు. రెప్ప మీద గడ్డ లేచి, కోయించినా అదే చోట మళ్లీ వస్తే, అక్కడి వెంట్రుకలు రాలిపోతే, అది మామూలు కురుపు కాకపోవచ్చు. రెప్పలోని నూనె గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ సరిగ్గా కురుపు వేషంలోనే వస్తుంది. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు కనురెప్ప క్యాన్సర్ వచ్చిన 536 మందిని పరిశీలిస్తే, సగానికి పైగా ఈ రకమే తేలింది. అందుకే యాభై దాటినవాళ్లకు కురుపు తిరగబెడితే ముక్క తీసి పరీక్షకు పంపించమని గట్టిగా అడగాలి. "కత్తి తగిలితే పాకుతుంది" అనే భయంతో ఈ పరీక్షను వద్దనుకుంటే నష్టమే ఎక్కువ. పసిపిల్లల కంటి లోపలి గడ్డ విషయంలోనే డాక్టర్లు సూది పెట్టకుండా కంటి పరీక్ష, స్కానింగ్‌లతో తేలుస్తారు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవద్దు.

రెండు, తెల్లగుడ్డు మీద పెరిగే కండ. నల్లగుడ్డు అంచున తెల్లగానో ఎర్రగానో ఉబ్బుగా, రక్తనాళాలు పట్టినట్టు కనిపిస్తుంది. ఎండలో ఏండ్ల తరబడి పనిచేసే రైతులకు, కూలీలకు, గల్ఫ్‌లో కట్టడం పనుల్లో ఉన్నవాళ్లకు దీని ముప్పు ఎక్కువ. చిన్న వయసువాళ్లలో వస్తే డాక్టర్లు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయిస్తారు. అది అవమానం కాదు, వైద్యంలో భాగం. తొందరగా వస్తే దీన్ని చుక్కల మందుతోనో చిన్న ఆపరేషన్‌తోనో తీసేయవచ్చు. అయితే ఆ చుక్కలు డాక్టర్ రాసి ఇచ్చే క్యాన్సర్ మందు. షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

మూడు, చూపులో ఉన్నట్టుండి మార్పు. కంటి ముందు మెరుపులు, నీడలు, చూపులో ఒక పక్క తెర పడినట్టు ఉంటే ఆలస్యం చేయవద్దు. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కంటికి పాకటం కూడా ఉంది. బీడీలు చుట్టే ఆడవాళ్లకు పొగాకు దుమ్ముతో కండ్లు మండటం అలవాటైపోతుంది. ఏ లక్షణం వచ్చినా దాని ఖాతాలోనే వేసేస్తారు. ఒక్క కంట్లోనే ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గనిదేదైనా చూపించుకోవాల్సిందే.

కన్ను తీయాల్సిందేనా?

అందరినీ భయపెట్టేది ఈ ప్రశ్నే. నేడు వైద్యంలో మొదటి లక్ష్యం ప్రాణం, రెండోది కన్ను, మూడోది చూపు. గడ్డ చిన్నగా ఉంటే లేజర్‌తోనో, గడ్డకట్టించే చల్లదనంతోనో మాడ్చేస్తారు. పెద్దగా ఉంటే కీమోథెరపీ మందులతో కుదించి తర్వాత మాడ్చేస్తారు. కంటికి పోయే రక్తనాళంలోకే నేరుగా మందు పంపే పద్ధతి ఉంది. కంటి గోడకు చిన్న రేడియేషన్ బిళ్లను కొన్ని రోజులు కుట్టి ఉంచే పద్ధతీ ఉంది. ఆ బిళ్లలను ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం మన దేశంలోనే తయారుచేసింది.

గడ్డ కన్నంతా నిండి చూపు వచ్చే ఆశ లేనప్పుడు కన్ను తీయమంటారు. ఇక్కడే చాలా కుటుంబాలు ఆస్పత్రి నుంచి చెప్పకుండా వెళ్లిపోతాయి. "ఆడపిల్ల కదా, కన్ను తీస్తే రేపు పెండ్లి ఎట్లయితది" అనే బాధ అబద్ధం కాదు. కానీ ఆ కన్ను అప్పటికే చూడటం లేదు. దాన్ని ఉంచుకుంటే గడ్డ కంటినరం వెంట మెదడులోకి పోతుంది. తీసేశాక రెండో కన్ను రంగుకు సరిపోయేలా కృత్రిమ కన్ను అమరుస్తారు. ఒక కంటితో పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, సంసారాలు చేసుకుంటారు. ఆపరేషన్‌తో పని అయిపోలేదని, ఆ తర్వాత కూడా ఏండ్ల పాటు చెప్పిన తేదీకి పరీక్షకు పోవాలని గుర్తుంచుకోవాలి. పుట్టుకతో జన్యులోపం ఉన్న పిల్లలకు పెద్దయ్యాక ఎముకల్లోనో వేరే చోటో క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంటుంది కాబట్టి కాలో చేయో నొప్పి తగ్గకపోయినా తేలిగ్గా తీసుకోవద్దు.

ఎక్కడికి పోవాలి, ఖర్చు ఎట్ల?

ఆర్మూర్ ప్రభుత్వ ఆస్పత్రిలోనో, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలోనో కంటి డాక్టర్‌కు చూపించటంతో మొదలుపెట్టవచ్చు. ఉత్తర తెలంగాణలో ముధోల్‌లో 1996 నుంచి ఎల్‌వీ ప్రసాద్ సంస్థ కంటి ఆస్పత్రి నడుస్తోంది. అనుమానం గట్టిగా ఉంటే మాత్రం 44వ నంబర్ జాతీయ రహదారి పట్టి నేరుగా హైదరాబాద్ పోవటమే మేలు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్‌వీ ప్రసాద్ సంస్థ బంజారాహిల్స్‌లో ఉంది. కంటి క్యాన్సర్‌కు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది, కట్టుకోలేని పేదలకు ఉచితంగా చూస్తారు. మెహిదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ లాంటి క్యాన్సర్ చికిత్సలు ఈ పథకం కిందికి వస్తాయి. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకుపోయి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ముందే మాట్లాడుకోవాలి. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడని ఆగాల్సిన పని లేదు. తల్లి, మామూ, చాచా ఎవరైనా తీసుకుపోవచ్చు.

అడగాల్సింది ఒక్కటే

రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరి 18న కంటి వెలుగు కార్యక్రమం మొదలైంది. లక్షల మందికి కళ్లద్దాలు వచ్చాయి. అది మంచి పనే. కానీ దాని చూపంతా కళ్లద్దాల మీద, శుక్లాల మీద ఉంది. ఏడాది బిడ్డ కంట్లో పుట్టే గడ్డ అక్షరాల బోర్డు చదివిస్తే దొరకదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను చూస్తాయి. కానీ ఆ బృందం వచ్చినరోజు బిడ్డ అక్కడ ఉంటేనే ఆ పరీక్ష అందుతుంది.

అందరు పిల్లలూ తప్పకుండా వచ్చే చోటు ఒకటుంది, టీకాల కేంద్రం. తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకోసారి తట్టు-రుబెల్లా టీకా వేస్తారు. జబ్బు దొరకాల్సిన వయసు కూడా సరిగ్గా అదే. చేతిలో పట్టే కంటి పరికరంతో రెండు కండ్లలోకి వెలుగు వేసి ఎర్రటి మెరుపు సమానంగా ఉందో లేదో చూడటానికి ఒక నిమిషం చాలు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఈ పరీక్షను పుట్టిన ప్రతి బిడ్డకూ చేయాలని ఎప్పుడో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మొదలుపెట్టిన పిల్లల క్యాన్సర్ కార్యక్రమంలో ముందుగా ఎంచుకున్న ఆరు క్యాన్సర్లలో రెటినోబ్లాస్టోమా ఒకటి.

కాబట్టి ఆర్మూర్ టీకా కేంద్రాల్లో ఈ పరికరం ఉండాలని, ఏఎన్‌ఎంలకు దాన్ని వాడటం నేర్పాలని, టీకా కార్డు మీద కంటి పరీక్షకు ఒక గడి ఉండాలని అడగటం పెద్ద కోరిక కాదు. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు, వార్డు కౌన్సిలర్లు కలిసి జిల్లా వైద్యాధికారికి ఒక దరఖాస్తు ఇవ్వవచ్చు. అది వచ్చేదాకా ఆగకుండా, ఈసారి టీకాకు పోయినప్పుడు "బిడ్డ కండ్లు కూడా ఒకసారి చూడండమ్మా" అని ప్రతి తల్లీ అడగవచ్చు. ఆ మాట అడగటానికి ఏ జీవో అక్కర్లేదు.